పెళ్ళిబుట్టకి అడ్డొచ్చిన డాక్టరమ్మ

మా అమ్మాయి హారిక పెళ్ళికి మేనమామ బుట్ట ఎత్తనన్నాడు. నా ప్రయాణమంతా ఆ ఒక్క మాట వల్ల జరిగింది. ఊళ్ళు చూసి రాయడానికే బయలుదేరేవాళ్ళు వేరే ఉంటారు. నేను పోట్లాడటానికి బయలుదేరాను. దారిలో ఊళ్ళు కూడా తగిలాయి.

మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు మండపానికి నడిచి రాదు. వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు. మగపెళ్ళివారు ఎంత గొప్పవాళ్ళయినా, ఆ కాసేపు అందరి కళ్ళూ పెళ్ళికూతురి అమ్మ పుట్టింటివాళ్ళ మీదే ఉంటాయి. అంటే నావాళ్ళ మీద. నా పుట్టింట మిగిలింది ఒక్క తమ్ముడు, శేషు. రేపల్లె పక్క పల్లెలో వ్యవసాయం చేస్తాడు. నేను పెళ్ళయ్యాక కర్నూలులో స్థిరపడ్డాను. పొలిటికల్ సైన్సులో ఎం.ఏ. చేశాను. ఉద్యోగం చెయ్యలేదు గానీ చదువు వృథా పోలేదు, ఇంట్లో రోజూ వాడుతూనే ఉన్నాను.

మే నెలలో, బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రం ఒడ్డున, పట్టపగలు ముహూర్తం అని చెప్పడానికి ఫోన్ చేస్తే శేషు కాసేపు నసిగాడు.

"అక్కా, ఆ టైముకి నేను బుట్ట పట్టుకోలేను. రూతక్క వద్దంది."

పట్టుకోలేనన్నందుకు నాకు కోపం రాలేదు. 'రూతక్క' అన్నందుకు వచ్చింది. మా అమ్మ కన్నది ఇద్దరినే. ఈ మూడో ఆవిడ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

రేపల్లెలో డాక్టరట. పోయిన వేసవిలో శేషు వడదెబ్బకి పడిపోతే బతికించిందట. ఆ సంగతి నాకు దసరాకి గానీ తెలియలేదు. తమ్ముడు చావుదాకా వెళ్ళొస్తే సొంత అక్కకి పండక్కి కబురందుతుంది, వైద్యం చేసినావిడ మాత్రం అక్క అయి కూర్చుంటుంది! సంచినిండా శుభలేఖలు పెట్టుకుని ఏప్రిల్ చివర్లో రైలెక్కాను. కార్డులు పంచి వస్తానని మా ఆయనకి చెప్పాను. ఆయన నా మొహం చూసి, "ఎవరినైనా ఏమన్నా అనేముందు మంచినీళ్ళు తాగు" అన్నాడు.

తెనాలి: ఆల్బమ్ చూడక తప్పని ఇల్లు

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. నేను ప్యారిస్ చూడలేదు కాబట్టి కాదనలేను. ఊరి మధ్య నుంచి కాలువలు పోతుంటాయి. శిల్పుల షెడ్ల ముందు ఇంకా రంగులు పడని నాయకులూ దేవుళ్ళూ వరసగా ఎండలో నిలబడి ఉంటారు. పొద్దున తొమ్మిదికే నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ఆ విగ్రహాలని చూసి కుళ్ళుకున్నాను. ఒక్కరికీ చెమట లేదు.

"ఎండ మండిపోతందండి" అన్నాడు ఆటో అతను.

"మా కర్నూలొచ్చి చూడు బాబూ, ఎండంటే ఏంటో తెలుస్తుంది" అన్నాను. ఎండలో అయినా సరే, మా ఊరు ఇంకో ఊరికి ఓడిపోవడం నాకిష్టం ఉండదు. అక్కడ చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. ఇదీ ఒక ఎండేనా?

దిగింది మా తోటికోడలు ప్రమీల ఇంట్లో. మా మరిది భార్య. "అక్కా, అక్కా" అంటూ మాటకి ముందొక తేనెచుక్క, వెనకొక సూది పెడుతుంది. గదిగదికీ ఏసీ ఉంది, ఈ ఏడు వంటింట్లో కూడా పెట్టించింది. ఏసీల డబ్బాలన్నీ బయట పక్కింటి అరుగు వైపు వేడిగాలి ఊదుతుంటే, ఆ ఇంటి ముసలావిడ చాప చుట్టుకుని ఇంకో మూలకి పోతోంది.

"పాపం, ఆవిడకి ఇబ్బంది కాదూ?" అన్నాను.

"ఏం చేస్తామక్కా, ఎవరి ఎండ వాళ్ళది" అంది ప్రమీల.

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అయినా ఏసీ కింద నుంచి మాత్రం లేవలేదు.

మా మరిది జిలేబీ తెచ్చాడు. తెనాలి జిలేబీ బెల్లం పాకంలో ముంచింది. ముదురు రంగు, పైన కరకర, కొరికితే లోపల పాకం. కర్నూలులో దొరికేది చూడ్డానికి బంగారం, తింటే వట్టి పంచదార. బెల్లానిది ఎంతైనా వేరే రుచి. ఇంకో చుట్ట నోట్లో పెట్టుకోబోతుండగా ప్రమీల ఆల్బమ్ తీసింది.

ఆమె కూతురి పెళ్ళి కూడా సూర్యలంకలోనే. రెండేళ్ళ కిందట, మాఘమాసంలో. ఆల్బమ్ అయ్యాక టీవీలో డ్రోన్ వీడియో. పైనుంచి నీలంగా సముద్రం, తెల్లగా ఇసుక, దాని మీద ఒకే రంగు పంచెల్లో ఇద్దరు మేనమామలు, మధ్యలో బుట్ట, బుట్టలో పువ్వులా పిల్ల. చూసిన ప్రతిసారీ నా కడుపు కొత్తగా మండుతుంది.

నిజానికి మా పురోహితుడు రెండు ముహూర్తాలు చెప్పాడు. ఒకటి తెల్లవారుజామున, ఒకటి మధ్యాహ్నానికి దగ్గరగా. మొదటిదే బలమైనదన్నాడు కూడా. ఈ ప్రమీలే ఫోన్లో, "తెల్లారుజామున అయితే డ్రోన్‌లో ఏం కనపడుద్దక్కా, మసక తప్ప!" అంది. నేను రెండోది ఖాయం చేయించాను. ఆమెది మాఘం, మాది మే నెల అన్న తేడా నాకు తట్టలేదు. సముద్రం అదే కదా అనుకున్నాను.

"మరి బుట్ట ఎవరెత్తుతున్నారక్కా? శేషు అన్నయ్యకి ఒంట్లో బాగుండట్లేదంటగా?" అంది, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"బాగుండకపోవడం ఏంటి? రాయిలా ఉన్నాడు. వాడే ఎత్తుతాడు" అన్నాను.

ఆ మాటతో నాకు వెనక్కి దారి మూసుకుపోయింది.

బాపట్ల: తాటాకు పందిరి కింద

కాబోయే వియ్యపురాలు సుశీల గారిది బాపట్ల. స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఒక్క ఏసీ లేదు. ఇంటి ముందు తాటాకు పందిరి, వరండాకి వట్టివేళ్ళ తడకలు, వాటి మీద ఉండుండి నీళ్ళు చల్లుతారు. లోపల అడుగుపెడితే కుండ మూత తీసినట్టు చల్లగా తగిలింది. డబ్బు పెట్టి కొన్న చల్లదనం మీద కుళ్ళుకోవడం నాకు అలవాటే. డబ్బు పెట్టని చల్లదనం మీద కుళ్ళుకోవడం మాత్రం కొత్త.

కంచుగ్లాసులో తరవాణి ఇచ్చారు. గంజిని కుండలో పులియబెట్టి, ఉప్పూ వామూ వేసి, దబ్బాకు నలిపి కలిపింది. చిన్నప్పుడు మా నాయనమ్మ తాగమని వెంటపడితే ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు రెండో గ్లాసు అడగడానికి మొహమాటపడ్డాను. ఆవిడే పోశారు. ముంజలు కూడా కొట్టించారు. బజార్లో డజను ఎనభై రూపాయలట. మా కర్నూలులో ఆ డబ్బుకి సగం రావు, వచ్చినవి ముదిరి ఉంటాయి.

"వదినగారూ, మే నెల కదా, పందిట్లో పెద్దవాళ్ళకి కాస్త..." అని మొదలుపెట్టారు సుశీల గారు.

"కూలర్లు పెట్టిస్తామండి. సముద్రపు గాలి ఎటూ ఉంటుంది" అన్నాను.

"సరేనండి" అన్నారు. ఆవిడ అంతటితో ఊరుకోవడం నాకు గెలుపులా అనిపించింది.

మండపం వేసే చోటు చూస్తానన్నాను. సాయంత్రం వెళ్దామన్నారు. "ముహూర్తం సాయంత్రమా ఏంటండీ? ఏ టైముకి పెళ్ళో ఆ టైముకే చూడాలి" అని మధ్యాహ్నం ఆటో పిలిపించాను.

సూర్యలంక: చెప్పులు చేతిలో

సరుగుడు తోటలు దాటగానే సముద్రం కనిపించింది. రిసార్టు మేనేజరు మర్యాదస్తుడు. నీడ ఉన్నంతవరకూ నాతో నడిచాడు. నీడ అయిపోయిన చోట ఆగి, అక్కడినుంచి చెయ్యి చాపి చూపించాడు. "పెళ్ళికూతురు గది అదండి. మండపం ఇదుగో, ఇక్కడొస్తుంది. మధ్యలో ఇసుక మీద కార్పెట్ కావాలంటే వేస్తామండి, ఎక్కువమంది వద్దంటారు. ఫోటోలో ఇసుకే బాగుంటుంది."

ప్రమీల వీడియోలో కార్పెట్ లేదు. "వద్దు" అన్నాను.

సముద్రం పక్కన చల్లగా ఉంటుందనుకున్నాను. గాలి ఉంది గానీ, వేడినీళ్ళలో పిండిన తుండుగుడ్డ మొహాన కప్పినట్టుంది. చెమట కారుతోంది, ఆరడం లేదు. మా కర్నూలులో చెమట పట్టినట్టే తెలియదు. ఇక్కడ మోచేతి నుంచి చుక్కలు పడుతున్నాయి. గుండె ఎందుకో తొందరపడుతోంది. జిలేబీ ఎక్కువైందేమోలే అనుకున్నాను.

బుట్ట మోసేవాళ్ళు చెప్పులు వేసుకోరు. కాబట్టి నేనూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పెళ్ళికూతురి గది వైపు నుంచి మండపం వైపుకి ఊరేగింపు నడక నడవడం మొదలుపెట్టాను. పైన డ్రోన్ ఉన్నట్టే ఊహించుకున్నాను. మొదటి అడుగులు గది నీడలో పడ్డాయి. తర్వాతవి పెనం మీద పడ్డాయి. వెనక్కి వెళ్దామంటే సగం దూరం, ముందుకి వెళ్దామంటే సగం దూరం. చీర మోకాళ్ళదాకా ఎత్తి పరిగెత్తాను. యాభై నాలుగేళ్ళ మనిషిని, కూతురి పెళ్ళి చెయ్యబోతున్నదాన్ని.

సరుగుడు చెట్ల కింద ముంజలమ్మే ఆవిడ కూర్చుని ఉంది. నేను ఎగురుకుంటూ వెళ్ళి ఆమె గంప పక్కన కూలబడ్డాను.

"ఏంటమ్మా, చెప్పులు చేతిలో పట్టుకుని ఉరకతన్నావు? చెప్పులు కాల్తయ్యనా?" అంది.

ఏడవాల్సినదాన్ని, నవ్వొచ్చింది. ఆమె తన సీసాలో నీళ్ళు నా అరికాళ్ళ మీద పోసింది. పాదాలు రెండూ ఎర్రగా ఉబ్బి, కుడికాలికి అప్పుడే బొబ్బ లేస్తోంది. డబ్బులివ్వబోతే, "నీళ్ళకేంటమ్మా డబ్బులు? ముంజలు తిను, వాటికియ్యి" అంది. ఆ నీడ మీద, ఆమె తీరుబడి మీద నాకు పట్టరాని ఈర్ష్య కలిగింది. సుశీల గారికి మాత్రం కాలికి గాజుపెంకు గుచ్చుకుందని చెప్పాను.

చెరుకుపల్లి మీదుగా

మర్నాడు బాపట్ల నుంచి రేపల్లెకి బస్సు. కర్లపాలెం, చందోలు, చెరుకుపల్లి. దారి పొడుగునా రోడ్డు మార్జిన్లో పట్టాల మీద మొక్కజొన్న ఆరబోసి ఉంది. బస్సు ఒక పసుపు నది ఒడ్డున పోతున్నట్టుంది. ఇంతకుముందు వచ్చినప్పుడు మధ్యాహ్నమంతా ఆడవాళ్ళు ఆ గింజల్లో కాళ్ళీడుస్తూ తిరగేస్తూ కనిపించేవాళ్ళు. ఈసారి రేపల్లె దగ్గరపడేకొద్దీ గింజలే ఉన్నాయి, మనుషులు లేరు.

మూడింటికి బస్టాండులో దిగి శేషుకి ఫోన్ చేశాను.

"వచ్చేశావా అక్కా! నీడలో కూర్చో. ఐదింటికి వస్తా."

"ఐదింటికా? నేను దిగింది ఇప్పుడురా!"

"పది నుంచి నాలుగున్నర దాకా నేను బయటికి రాకూడదక్కా. రూతక్క కోప్పడుద్ది. ఆటోలో వస్తానంటే రా."

వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. సొంత అక్కని బస్టాండులో కూర్చోబెట్టించిన ఘనత ఆ డాక్టరమ్మకే దక్కాలని, ఐదింటిదాకా బొబ్బకాలితో అక్కడే కూర్చుని గోలీసోడా తాగాను. ఎవరు ఓడిపోయారో పాఠకులే చెప్పాలి.

రేపల్లె పక్క పల్లె: ఎవరిని పిలిచాడు?

శేషు చిక్కాడు. నవ్వు మాత్రం అలాగే ఉంది. పదేళ్ళుగా షుగరు, దానిమీద పోయిన ఏడు దెబ్బ. మా మరదలు లలిత చేపలపులుసు వండింది, మామిడికాయ వేసి. నాకిష్టమని తలకాయ నా కంచంలో వేసింది. తిన్నాక శేషు గేదెల దగ్గరికి వెళ్ళినప్పుడు నేను అడిగేశాను.

"ఏంటే లలితా, ఆవిడ వీడికి అక్క ఎట్లా అయింది?"

లలిత కంచాలు తీస్తూ ఆగింది.

"మొక్కజొన్న కల్లంలో పడిపోయారు వదినా. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతంది, చెమటచుక్క లేదు. ఏదేదో మాట్లాడతన్నారు, నన్ను గుర్తుపట్టలా. గుంటూరు తీసకపోదామని కారు పిలిచాం. దార్లో డాక్టరమ్మ గారి దగ్గర ఆపితే, 'ముందు చల్లారనియ్యండి, తర్వాతే ఎక్కడికైనా' అని కారు దింపేసింది. మంచం మీద పడుకోబెట్టి, తడి దుప్పట్లు కప్పి, రెండు ఫ్యాన్లు పెట్టి, చంకల్లో ఐసు పెట్టింది. ఆవిడ చీరంతా తడిసిపోయింది. ఈయన కళ్ళు మూసుకునే 'అక్కా, అక్కా' అని ఒకటే పిలుపు."

"నన్నా?"

"ఇంకెవరిని వదినా? మీరు కర్నూల్లో ఉన్నారు. ఆవిడే, 'ఇక్కడే ఉన్నాలే తమ్ముడూ' అని పలికింది. పలికినప్పుడల్లా కాసేపు నిమ్మళించేవారు. అప్పటినించీ ఆవిణ్ణి అక్కా అనే అంటారు."

లలిత కంచాలు పట్టుకుని వెళ్ళిపోయింది. నన్ను పిలిచిన పిలుపుకి ఇంకొకామె పలికింది. దొంగతనమైతే కేసు పెట్టొచ్చు. దీనికి ఏం పెట్టాలి?

రేపల్లె: పొద్దుపొడవక ముందే తెరిచే ఆసుపత్రి

మర్నాడు చీకటితో లేచి, శేషుని బండి తియ్యమన్నాను. ఆసుపత్రి అంటే రేకుల ఇల్లు. రేకుల మీద తాటాకు దిట్టంగా కప్పించారు. ఇంకా సరిగ్గా తెల్లవారనే లేదు, అప్పటికే వరండా నిండా జనం. పన్లోకి పోయేవాళ్ళు ముందు ఇక్కడ చూపించుకుని పోతారు. పది దాటితే పని ఆపి వచ్చేస్తారట. ఒక పురోహితుడు కూడా చొక్కా లేకుండా, భుజాన కండువాతో బీపీ చూపించుకోవడానికి కూర్చుని ఉన్నాడు.

డాక్టర్ రూత్ గారిని చూశాను. పొట్టిగా, గట్టిగా ఉంది. గొంతు నాకన్నా పెద్దది. ఎవరినో, "మజ్జిగ తాగమంటే బ్రాందీ తాగొచ్చి నాకు చెప్తన్నావా?" అని తిడుతోంది. నాకన్నా పెద్దదో చిన్నదో తేల్చుకోలేకపోయాను. ఆమె జుట్టుకి రంగెయ్యదు, నేను వేస్తాను. అక్కడ లెక్క తప్పుతోంది.

"శేషు వాళ్ళక్క గారా? కూర్చోండి. కుంటుతున్నారేంటి?"

"నా కాలు సంగతి తర్వాత. మా ఇంటి పెళ్ళికి మావాడు బుట్ట ఎత్తకూడదని చెప్పడానికి మీరెవరండీ?"

వరండాలో వాళ్ళందరూ ఇటు తిరిగారు. శేషు "అక్కా" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియలేదు. ఇద్దరం పలకలేదు.

"బుట్ట ఎత్తొద్దన్లేదండి. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎత్తొద్దన్నా" అంది ఆవిడ.

"డాక్టరంటే మందులివ్వాలి. ముహూర్తాలు పెట్టడం ఏంటి?"

"మందులిచ్చే టైముకి మనిషి మిగలాలి కదండీ! మా చిన్నప్పుడు మే నెలైనా సాయంత్రానికి పైరగాలి వచ్చి ఒళ్ళు చల్లబడేది. ఇప్పుడు రాత్రి కూడా ఉక్కే. పగలు దెబ్బతిన్న ఒళ్ళు రాత్రన్నా కోలుకోవద్దూ? భూమి వేడెక్కడాన్ని నేనాపలేను. ముహూర్తాన్ని ఆపగలను. అందుకని ఎవరు శుభలేఖ ఇచ్చినా ముందు టైము చూస్తా, తర్వాతే పేర్లు."

"మీ గుళ్ళో పెళ్ళిళ్ళు ఆపండి ముందు. మావాటి జోలికెందుకు?" అన్నాను. తప్పే. నోరు దాటాక తెలిసింది.

ఆవిడ నొచ్చుకోలేదు. నవ్వింది.

"ఆపానండి. మా గుళ్ళో పదకొండింటికి పెళ్ళి. సూటూ టైతో పెళ్ళికొడుకే పాస్టర్ గారి ముందు దభీమని పడ్డాడు. మా పెద్దలతో రెండు వేసవులు పోట్లాడా. ఇప్పుడు ఎండాకాలమంతా సాయంత్రం ఆరింటికే. కావాలంటే పంతులు గారిని అడగండి, ఆయన్నీ వదల్లా."

"పంచాంగంలో మధ్యాహ్నాలన్నీ కొట్టేసిందమ్మా ఈవిడ" అన్నాడు పురోహితుడు, కండువాతో విసురుకుంటూ. "నేను కూడా మొదట ఎగిరా. కానీ హోమం ముందు కూర్చునేది నేనే కదా! వంటమేస్త్రీ పొయ్యి దగ్గర, నేను హోమం దగ్గర. పెళ్ళంటే మా ఇద్దరికీ దహనమే."

అందరూ నవ్వారు. నా పక్షాన ఒక్కరూ లేరు. చదివిన ఎం.ఏ. అంతా కూడగట్టుకున్నాను.

"మాది కర్నూలండీ. అక్కడ ఇంతకన్నా ఎండ. మేం బతకట్లేదూ?"

"అక్కడ చెమట ఆరుద్ది. ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఇక్కడ గాలి నిండా తడి. చెమట కారుద్ది, ఆరదు. లోపలి వేడి లోపలే ఉంటది. సూర్యలంకలో గుండె దడదడలాడలా మీకు?"

నేను సూర్యలంక వెళ్ళినట్టు ఆవిడకెలా తెలుసు? శేషు ముందే ఫోన్లో చెప్పి ఉంటాడు. "జిలేబీ పడలేదు" అన్నాను.

"మరి కాళ్ళు? జిలేబీ మీద నడిచారా?"

నా కాలు లాక్కుని బల్ల మీద పెట్టించుకుంది. బొబ్బ చూసి, కడిగి, మందు రాసింది. తర్వాత సన్నటి నైలాన్ పోగులాంటిది ఒకటి తీసి నా రెండో అరికాలికి తాకించింది. తుళ్ళిపడ్డాను.

"బాగుంది. ఇప్పుడు మీ తమ్ముడు. శేషూ, కళ్ళు మూసుకో. తగిలినప్పుడల్లా చెప్పు."

శేషు కాలు చాపి, బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ బొటనవేలి కింద తాకించింది. మడమకి పైన తాకించింది. ఇంకోచోట పోగు వంగేదాకా నొక్కింది. వాడు నవ్వుమొహంతో కూర్చునే ఉన్నాడు. రెండో కాలికి కూడా అయింది. నేను వాడి మొహమే చూస్తున్నాను.

కాసేపయ్యాక వాడన్నాడు, "ఇంకా మొదలెట్టలేదా అక్కా?"

ఆవిడ పోగు బల్ల మీద పెట్టింది. గొంతు మొదటిసారి తగ్గించింది.

"షుగరండి. పాదాలకి తెలియదు. ఇసుక కాలితే మీరు పరిగెత్తారు. ఇతను పరిగెత్తడు. మేనకోడల్ని మోస్తన్నానని నవ్వుకుంటా నడుస్తాడు. మండపం దగ్గర బుట్ట దించాక పంచె అంచున బొబ్బలు చిదిగిన తడి చూసి ఎవరో చెప్పాలి. ఆ పుండు మానదు. నేను ముందు వేలు తీయించాలి, తర్వాత పాదం."

శేషు కళ్ళు తెరిచి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏంటి, ఏమన్నారు?" అన్నాడు.

నేను ఎవరితోనైనా వాదనలో చివరిమాట నాదిగా ఉండాలని చూస్తాను. ఆ పూట నాకు చివరిమాట దొరకలేదు. బయటికొచ్చి, పురోహితుడి పక్క బెంచీ మీద కూర్చుని, సుశీల గారికి ఫోన్ చేశాను.

"వదినగారూ, ముహూర్తం తెల్లవారుజాముకి మార్చుకుందామా? మేనమామకి ఎండ పడదు."

అవతల నిట్టూర్పు వినిపించింది. "బతికించారండీ! మా అత్తగారికి తొంభై దగ్గరపడ్డాయి, ఆవిణ్ణి ఆ ఎండలో ఎలా కూర్చోబెట్టాలా అని నాకు నిద్రే లేదు. మీరు ముచ్చట పడుతున్నారు కదా అని..."

"అక్కడ కార్పెట్ కూడా వేయిస్తానండి" అన్నాను. ఎదుటివాళ్ళు మంచివాళ్ళయితే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

తర్వాత ప్రమీలకి చేశాను. వేరేవాళ్ళు చెప్పేకన్నా నేనే చెప్పడం నయం.

"అయ్యో! మరి డ్రోన్ అక్కా?"

"సూర్యుడు పుట్టేటప్పుడు తియ్యమంటాం. మీ వీడియోలో సూర్యుడు లేడుగా" అన్నాను. ఆ నిశ్శబ్దం ఈ మొత్తం ప్రయాణంలో నేను సంపాదించుకున్న ఒకే ఒక్క లాభం.

రేపల్లె స్టేషన్: మిగిలిన కార్డు

రైలు రేపల్లెలోనే పుడుతుంది, అందుకని సీటుకి కొట్టుకోనక్కర్లేదు. శేషు పొద్దున్నే స్టేషన్‌కి తెచ్చాడు. వేమూరు మీదుగా తెనాలి, అక్కడ మారి కర్నూలు. రైలు కదలడానికి ఇంకా టైముంది. సంచిలో చూస్తే ఒక శుభలేఖ మిగిలి ఉంది. ఎవరికివ్వాలో నాకు తెలుసు. కావాలనే ఇవ్వకుండా వచ్చాను.

"రూతక్కకి ఇచ్చావా?" అన్నాడు వాడు, సంచీ పైన పెడుతూ. చూడలేదు గానీ తెలిసినట్టే ఉంది.

"అడుగుతాను ఉండు. ఆవిడ నంబరు కలుపు."

ఫోన్ ఎత్తగానే అవతల ఎవరినో తిడుతోంది. నేను సుత్తి లేకుండా అడిగాను.

"మీరు టెన్త్ ఏ సంవత్సరం పాసయ్యారు?"

"ఏంటండీ?"

"చెప్పండి."

చెప్పింది. నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. నాకన్నా ఒక ఏడు వెనక. ప్రాణం కుదుటపడింది. "పెళ్ళికి రండి" అన్నాను.

"తెల్లారుజామున నాకు కూలీలొస్తారండీ. ఆ టైముకి నేను..."

"మార్చమన్నది మీరే కదా! ఒక్కపూట వాళ్ళని కూడా పెళ్ళికి రమ్మనండి. ఇడ్లీ పెడతాం" అని పెట్టేశాను. చివరిమాట నాదే.

కార్డు మీద అచ్చయిన ముహూర్తాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన తెల్లవారుజాము అని రాశాను. మార్చిన కార్డుల్లో అదే మొదటిది. కవరు మీద పేరు రాసి, కిటికీలోంచి శేషు చేతికిచ్చాను. వాడు చదివి, ఒక్కసారిగా నవ్వాడు.

'చి.ల.సౌ. హారిక పిన్ని, డాక్టర్ రూత్ గారికి' అని ఉంది దాని మీద.

"పిన్ని ఏంటక్కా? నాకు అక్క కదా ఆవిడ!"

"నీకు అక్కే అవనియ్యిరా. నాకు చెల్లెలు. మా అమ్మాయికి పిన్ని, పెద్దమ్మ కాదు. ఆ సంగతి ఆవిడకి నీ నోటితో చెప్పు" అన్నాను. రైలు కదిలింది. వాడు చెప్పులేసుకున్న కాళ్ళతో నీడ ఉన్నంతవరకే నాతో నడిచి, నీడ అంచున ఆగిపోయి చెయ్యూపాడు.